చిన్న నగరంలో ఇంటి వైద్యం: నర్స్ ప్రాక్టీషనర్ కోసం అన్వేషణ, అందులో మరుగునపడిన ప్రశ్న

అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వ లెక్కల్లో పదివేలకు తగ్గని, యాభైవేలకు చేరని జనాభా గల పట్టణాన్ని, దానితో రాకపోకల బంధం ఉన్న చుట్టుపక్కల ప్రాంతాన్ని కలిపి 2003 నుంచి 'మైక్రోపాలిటన్' ప్రాంతం అంటున్నారు. మహానగరపు ఆసుపత్రులకు దూరంగా, చుట్టూ ఉన్న పల్లెలకు పెద్దదిక్కుగా ఉండే ఇటువంటి ఊళ్లలో సాధారణంగా ఒక ఆసుపత్రి, దాని కింద నడిచే కొన్ని క్లినిక్కులు, నాలుగైదు మందుల దుకాణాలు ఉంటాయి. అయితే జ్వరం నుంచి షుగరు దాకా దేనికైనా ముందుగా వెళ్లి చూపించుకోవడానికి, తమ ఆరోగ్య చరిత్రను ఏళ్ల తరబడి ఎరిగి ఉండడానికి ఒక మనిషి కావాలని కొత్తగా వచ్చిన కుటుంబం వెతికినప్పుడు, డాక్టరు దగ్గర ఖాళీ లేదనీ నర్స్ ప్రాక్టీషనర్ దగ్గరైతే చేర్చుకుంటామనీ క్లినిక్కువారు చెప్పడం ఇప్పుడు పరిపాటి. ఆ మాట విన్నవారికి రెండు సందేహాలు కలుగుతాయి: నర్స్ ప్రాక్టీషనర్ డాక్టరుతో సమానంగా చూడగలరా అన్నది ఒకటి, వారిలో మంచివారిని ఎలా గుర్తించాలన్నది రెండవది. మొదటి ప్రశ్న మీద గత అరవై ఏళ్లలో విస్తారమైన పరిశోధన, దానికి మించిన వాగ్వివాదం జరిగాయి. రెండవదాన్ని రోగుల తిప్పలకే వదిలేశారు. ఈ రెండింటి వెనుక మూడో ప్రశ్న ఒకటి ఉంది, దొరికిన మనిషి ఆ ఊళ్లో ఎంతకాలం ఉంటారన్నది. చిన్న నగరం విషయంలో అన్నిటికంటే బరువైన ప్రశ్న అదేనన్నది ఈ వ్యాసపు ప్రతిపాదన.

ముందుగా మాటల అర్థం తేల్చుకోవాలి. ప్రైమరీ కేర్ అంటే ఒక ప్రత్యేక అవయవానికో రోగానికో పరిమితం కాకుండా, మనిషి మొత్తాన్ని చూసి, సాధారణ జబ్బులకు అక్కడే చికిత్స చేసి, దీర్ఘకాలిక రోగాలను కనిపెట్టుకుని ఉండి, అవసరమైనప్పుడే నిపుణుల దగ్గరకు పంపే తొలి అంచె వైద్యం. తెలుగువారి పాత మాటల్లో చెప్పాలంటే ఇంటి డాక్టరు చేసే పని. నర్స్ ప్రాక్టీషనర్ అంటే రిజిస్టర్డ్ నర్సుగా చదువు పూర్తిచేసి, ఆపైన మాస్టర్స్ గాని డాక్టరేటు గాని చేసి, జాతీయ స్థాయి పరీక్షలో ఉత్తీర్ణత పొంది, రోగ నిర్ధారణ చేయడానికి, పరీక్షలు రాయడానికి, మందుల చీటీ ఇవ్వడానికి రాష్ట్ర నర్సింగ్ బోర్డు నుంచి లైసెన్సు తీసుకున్నవారు. వీరిలో పిల్లలకు, పెద్దవయసువారికి, స్త్రీల ఆరోగ్యానికి, మనోవ్యాధులకు వేరువేరు శాఖలున్నాయి. పసివారి నుంచి ముదుసలుల దాకా అందరినీ చూసే శాఖను ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ అంటారు. చిన్న నగరంలో కుటుంబం మొత్తానికి కావలసింది సాధారణంగా ఈ శాఖవారే. తెలుగునాట నర్సు అన్న మాటకు డాక్టరు చెప్పిన పని చేసేవారన్న అర్థమే స్థిరపడి ఉండడంవల్ల, అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి నర్స్ ప్రాక్టీషనర్ చూసి పంపినప్పుడు అసలు వైద్యం అందలేదన్న వెలితి కలగడం సహజం. ఆ వెలితికి మూలం మాటలో ఉంది. చదువులోని తేడా మాత్రం నిజమే గనుక దాన్ని విడిగా తూచాలి.

ఈ వృత్తి పుట్టుకలోనే చిన్న ఊరి కొరత ఉంది. కొలరాడో రాష్ట్రపు పల్లెల్లో ప్రజారోగ్య నర్సుగా పనిచేసి, డాక్టరు లేని చోట పిల్లలకు క్లినిక్కులు నడిపిన లొరెట్టా ఫోర్డ్, పిల్లల వైద్యుడు హెన్రీ సిల్వర్‌తో కలిసి 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదటి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణను ప్రారంభించారు. వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ బీమా పథకాలు చట్టమైనదీ, బోస్టన్‌లోనూ మిసిసిపీలోని మౌండ్ బయూలోనూ తొలి సామాజిక ఆరోగ్య కేంద్రాలకు బీజం పడినదీ అదే కాలంలో కావడం కాకతాళీయం కాదు. బీమా చేతికొచ్చిన కోట్లమందిని చూడడానికి మనుషులు చాలరని అప్పుడే తేలిపోయింది. 1971లో ఐడహో రాష్ట్రం రోగ నిర్ధారణ, చికిత్స కూడా నర్సుల పరిధిలోకి రావచ్చని చట్టంలో ఒప్పుకుంది. 1977లో కేంద్ర ప్రభుత్వం రూరల్ హెల్త్ క్లినిక్ అనే ప్రత్యేక వర్గాన్ని సృష్టించి, నగరీకరణ చెందని, వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లోని క్లినిక్కులకు మెరుగైన చెల్లింపు ఏర్పాటు చేసి, అందుకు బదులుగా క్లినిక్కు తెరిచి ఉన్న సమయంలో కనీసం సగం సేపు నర్స్ ప్రాక్టీషనర్ వంటివారు అందుబాటులో ఉండాలన్న నియమం పెట్టింది. అటువంటి క్లినిక్కులు ఇప్పుడు దేశంలో అయిదువేలకు పైగా ఉన్నాయి. 1997 నాటి బడ్జెట్ చట్టంతో నర్స్ ప్రాక్టీషనర్లు ఏ ప్రాంతంలో ఉన్నా మెడికేర్ నుంచి నేరుగా రుసుము పొందే హక్కు వచ్చింది, అయితే డాక్టరుకు ఇచ్చేదానిలో 85 శాతం మాత్రమే.

ఈ 85 శాతం నియమం పైకి చిన్న జమాఖర్చుల సంగతిలా కనిపించినా, అన్వేషకుడికి దాని ప్రభావం తెలియడం అవసరం. డాక్టరు చికిత్స ప్రారంభించి, ఆ సమయంలో క్లినిక్కులోనే ఉంటే, నర్స్ ప్రాక్టీషనర్ చేసిన పనిని డాక్టరు పేరు మీద చూపి నూరు శాతం వసూలు చేసుకునే వెసులుబాటు మెడికేర్‌లో ఉంది. దీనివల్ల ఒక ఊళ్లో నిజంగా రోగులను చూస్తున్నది ఎవరో ప్రభుత్వ లెక్కల్లో సరిగా కనిపించదు. మెడికేర్ చెల్లింపుల మీద అమెరికా కాంగ్రెస్‌కు సలహాలిచ్చే సంఘం 2019లో ఈ పద్ధతిని ఎత్తేయాలని సిఫారసు చేసింది. చేసినవారి పేరు కాగితం మీద లేకపోతే, వారి పని బాగుందో లేదో కొలవడం ఎవరికీ సాధ్యం కాదు. ఈ రంగంలో పరిశోధన ఇంత జరిగినా తీర్పులు నిలకడగా లేకపోవడానికి ఇదొక కారణం.

చట్టం విషయానికొస్తే, అమెరికాలో వైద్య వృత్తుల నియంత్రణ రాష్ట్రాల చేతిలో ఉంది గనుక నర్స్ ప్రాక్టీషనర్ అధికారం సరిహద్దు దాటగానే మారిపోతుంది. 2024 నాటికి 27 రాష్ట్రాల్లోనూ రాజధాని జిల్లాలోనూ వీరికి పూర్తి స్వతంత్ర అధికారం ఉంది. అంటే డాక్టరుతో ఒప్పందం లేకుండానే సొంత క్లినిక్కు నడపవచ్చు, వాటిలో కొన్నిచోట్ల మొదట కొంతకాలం అనుభవం గడించాలన్న షరతు ఉన్నప్పటికీ. రెండో తరగతి రాష్ట్రాల్లో ఏదో ఒక అంశానికి డాక్టరుతో సహకార ఒప్పందం కావాలి. మిసిసిపీ ఇందుకు ఉదాహరణ. టెక్సాస్ వంటి మూడో తరగతి రాష్ట్రాల్లో మందులు రాసే అధికారాన్ని డాక్టరు రాతపూర్వకంగా అప్పగిస్తేనే అది నర్స్ ప్రాక్టీషనర్‌కు దక్కుతుంది. కాలిఫోర్నియా 2020లో చట్టం చేసి, అంచెలంచెలుగా స్వతంత్రం ఇచ్చే దారి పట్టింది.

మహానగరంలో ఈ భేదాలు రోగికి పెద్దగా తెలియవు, ఎందుకంటే అక్కడ ఒప్పందం రాసే డాక్టర్లు వందల్లో ఉంటారు. చిన్న నగరంలో అటువంటి డాక్టరు ఒకరో ఇద్దరో ఉంటారు, వారిలో ఒకరు పదవీ విరమణ చేసినా, ఊరు వదిలినా, ఒప్పందం రద్దయి, ఏ తప్పూ లేని నర్స్ ప్రాక్టీషనర్ మరో డాక్టరు దొరికేదాకా క్లినిక్కు తలుపులు మూసుకోవలసి రావచ్చు. ఆ ఒప్పందానికి నెలనెలా రుసుము చెల్లించవలసిరావడమూ సాధారణమే. రోగుల రక్షణ కోసమని పెట్టిన పర్యవేక్షణ నియమం, పర్యవేక్షించేవారే కరువైన చోట రోగులకు ఉన్న ఒక్క ఆధారాన్నీ తీసేయగలదు. అనుభవం గల డాక్టరు సలహా అందుబాటులో ఉండడం మంచిదే, కాని దాన్ని క్లినిక్కు ఉనికికే ముడిపెట్టడం చిన్న ఊళ్ల పాలిట అన్యాయం.

ఇక నాణ్యత ప్రశ్న. న్యూయార్క్‌లో 1,316 మంది రోగులను యాదృచ్ఛికంగా కొందరిని నర్స్ ప్రాక్టీషనర్ల దగ్గరకు, కొందరిని డాక్టర్ల దగ్గరకు పంపి, ఆరు నెలల తర్వాత పోల్చిన అధ్యయనం 2000లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వెలువడింది; ఆరోగ్య స్థితిలో గాని, వైద్య సేవల వాడకంలో గాని చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూకం వేసే కాక్రేన్ సంస్థ 2018లో వివిధ దేశాల్లోని 18 యాదృచ్ఛిక పరీక్షలను సమీక్షించి, ప్రాథమిక వైద్యంలో డాక్టరు స్థానంలో శిక్షితులైన నర్సులు చూసినప్పుడు ఫలితాలు సమానంగా గాని కొంత మెరుగ్గా గాని ఉండే అవకాశం ఉందనీ, రోగుల తృప్తి ఎక్కువనీ, సంప్రదింపు సమయం కూడా ఎక్కువనీ, ఖర్చు విషయంలో మాత్రం నిర్ధారణగా చెప్పలేమనీ తేల్చింది. ఈ ఆధారాలు బలమైనవే. అయినా ఇవి ఎక్కువగా కొద్దికాలపు పరిశీలనలు. షుగరు, రక్తపోటు, మూత్రపిండాల బలహీనత, గుండె జబ్బు ఒకే మనిషిలో కూడినప్పుడు పదేళ్లలో ఏమవుతుందో వీటినుంచి తెలియదు.

నర్స్ ప్రాక్టీషనర్లు డాక్టర్లకు సమానం కారనే పక్షం తరచుగా చూపే ఆధారం ఒక చిన్న నగరం నుంచే వచ్చింది. మిసిసిపీలో యాభైవేలకు లోపు జనాభా గల హాటీస్‌బర్గ్‌లో డాక్టర్లే యజమానులుగా నడిచే హాటీస్‌బర్గ్ క్లినిక్, కొరతను తట్టుకోవడానికి నర్స్ ప్రాక్టీషనర్లకు, వారిలాగే డాక్టరు కాకపోయినా రోగులను చూసే ఫిజీషియన్ అసిస్టెంట్లకు సొంత రోగుల జాబితాలు అప్పగించి, తర్వాత మెడికేర్ ఖర్చుల సమాచారాన్ని పరిశీలించి 2022లో ఆ రాష్ట్ర వైద్య సంఘం పత్రికలో ఫలితాలు ప్రచురించింది. డాక్టరు కాని వారి జాబితాల్లోని రోగులకు తలకు నెలకు 43 డాలర్లు అదనంగా ఖర్చయిందనీ, పరీక్షలకు, నిపుణుల దగ్గరకు పంపడం ఎక్కువగా ఉందనీ అది చెప్పింది. ఆ తర్వాత ఆ క్లినిక్ ప్రతి రోగినీ డాక్టరు కూడా మధ్యమధ్య చూసే పద్ధతికి మళ్లింది. ఇది ఒక్క సంస్థ అనుభవం, రోగులను యాదృచ్ఛికంగా విభజించి చేసినది కాదు, డాక్టర్ల యాజమాన్యంలోని సంస్థే తన గురించి రాసుకున్నది. కనుక దాన్ని దేశమంతటికీ అన్వయించడం సరికాదు. అలాగని తోసిపుచ్చడమూ తగదు, ఎందుకంటే చిన్న నగరపు నిజమైన పరిస్థితుల్లో, ముసలి రోగులతో, అసలైన ఖర్చులతో చేసిన పరిశీలనలు అరుదు. మాజీ సైనికుల ఆసుపత్రుల అత్యవసర విభాగాల మీద వచ్చిన మరో అధ్యయనం కూడా నర్స్ ప్రాక్టీషనర్ల వల్ల ఖర్చు పెరిగిందని చూపింది. కాని అత్యవసర విభాగం వేరు, ఏళ్ల తరబడి చూసే ఇంటి వైద్యం వేరు.

రెండు వైపుల ఆధారాలనూ కలిపి చదివితే తేలేది ఇది: సాధారణ జబ్బులకు, ఒకటి రెండు దీర్ఘరోగాలకు, నివారక వైద్యానికి నర్స్ ప్రాక్టీషనర్ మీద నమ్మకం ఉంచడానికి గట్టి కారణాలున్నాయి, జబ్బులు చిక్కుపడిన కొద్దీ, అనుభవం తక్కువైన కొద్దీ పక్కన సలహాకు డాక్టరు ఉండడం విలువైనది. శిక్షణలో రోగుల దగ్గర గడపవలసిన కనీస సమయం చాలాకాలం 500 గంటలుగా ఉండి, 2022 ప్రమాణాల్లో 750 గంటలైంది. కుటుంబ వైద్యుడు మాత్రం నాలుగేళ్ల వైద్య కళాశాల తర్వాత మూడేళ్లు రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో జీతం మీద పూర్తికాలపు శిక్షణ, పొందుతాడు. పన్నెండేళ్లు నర్సుగా వార్డుల్లో పనిచేసి తర్వాత నర్స్ ప్రాక్టీషనర్ అయినవారికీ, చదువు వెంట చదువు చదివి నిన్న లైసెన్సు తెచ్చుకున్నవారికీ మధ్య ఉన్న అంతరం, సగటు డాక్టరుకూ సగటు నర్స్ ప్రాక్టీషనర్‌కూ మధ్య ఉన్న అంతరానికి తీసిపోదు. కనుక పేరు చివరి అక్షరాల కంటే ఆ మనిషి అనుభవం గురించి తెలుసుకోవడమే రోగికి ఎక్కువ ఉపయోగం.

ఇక్కడినుంచి మూడో ప్రశ్నకు రావాలి. ఒకే వైద్యుడి దగ్గర చాలాకాలం చూపించుకోవడాన్ని వైద్య పరిభాషలో నిరంతరత అంటారు. 2018లో బ్రిటన్ పరిశోధకులు వివిధ దేశాల్లోని 22 అధ్యయనాలను సమీక్షించగా, వాటిలో 18 నిరంతరత ఎక్కువ ఉన్నచోట మరణాలు తక్కువని చూపాయి. నార్వేలో కుటుంబ వైద్యుల జాబితాల మీద చేసిన పెద్ద అధ్యయనంలో, ఒకే డాక్టరు దగ్గర 15 ఏళ్లకు మించి ఉన్నవారిలో, ఏడాది మాత్రమే ఉన్నవారితో పోలిస్తే, ఆసుపత్రిలో చేరవలసిన అవసరం 28 శాతం, మరణాలు 25 శాతం తక్కువగా కనిపించాయి. ఇవి డాక్టర్ల మీద చేసిన అధ్యయనాలే అయినా, వీటి వెనుక ఉన్న తర్కం ఒక పట్టాకు సంబంధించినది కాదు: ఆయాసమని వచ్చిన రోగి క్రితం ఏడాది ఎలా నడిచేవాడో కళ్లారా చూసినవారికి ఒక్క చూపులో తెలిసేది, కొత్తవారికి నాలుగు పరీక్షలు చేసినా తెలియకపోవచ్చు. హాటీస్‌బర్గ్‌లో కనిపించిన అదనపు పరీక్షల ఖర్చులో ఎంత భాగం తక్కువ శిక్షణవల్ల వచ్చింది, ఎంత భాగం రోగి కొత్తవాడు కావడంవల్ల వచ్చింది అన్న ప్రశ్న అడగదగినది.

చిన్న నగరాలకు వైద్యులను తేవడానికి ప్రభుత్వం వేసిన ప్రధాన పథకాలు గడువు మీద నడిచేవి కావడం ఈ వెలుగులో చూస్తే బాధాకరం. మూడువేల అయిదువందల మందికి ఒక్క ప్రాథమిక వైద్యుడైనా లేని ప్రాంతాన్ని కొరత ప్రాంతంగా గుర్తించి, అక్కడ పనిచేసేవారి చదువు అప్పు తీర్చే నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ పథకానికి నర్స్ ప్రాక్టీషనర్లు అర్హులే. మొదటి ఒప్పందం రెండేళ్లు. విదేశీ డాక్టర్లు రెసిడెన్సీ ముగిశాక స్వదేశానికి వెళ్లకుండా కొరత ప్రాంతంలో పనిచేసే వీలు కల్పించే కాన్రాడ్ పథకం 1994 నుంచి ఉంది. రాష్ట్రానికి ఏటా 30 మంది చొప్పున, మూడేళ్ల గడువుతో. ఆంధ్ర, తెలంగాణ వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లు ఎందరో ఈ దారినే అమెరికా చిన్న ఊళ్లకు వెళ్లి, కొందరు గడువు తీరాక కూడా అక్కడే స్థిరపడి, ఆ ఊళ్లకు పెద్ద దిక్కయ్యారు. అయినా పథకం నిర్మాణం మాత్రం రాకను ఏర్పాటు చేస్తుంది, ఉండిపోవడాన్ని ఏర్పాటు చేయదు. షుగరు రోగితో ముప్ఫయి ఏళ్లు ఉంటుంది; దాన్ని చూసేవారి ఒప్పందం రెండేళ్లకు ముగుస్తుంది.

దీనికి తోడు ఉద్యోగ ఒప్పందాల్లోని పోటీ నిషేధ షరతు ఉంది. ఆసుపత్రి యాజమాన్యం కింద పనిచేసే నర్స్ ప్రాక్టీషనర్ ఉద్యోగం మానేస్తే, ఇంతకాలం పాటు ఇన్ని మైళ్ల లోపల మరోచోట వైద్యం చేయరాదని ఆ షరతు చెబుతుంది. మహానగరంలో అది నర్స్ ప్రాక్టీషనర్‌ను నగరపు అవతలి వైపుకు పంపుతుంది. చిన్న నగరంలో ఆ మైళ్ల గిరిలో ఊరు మొత్తం పడుతుంది గనుక, యాజమాన్యంతో పొసగని మనిషి కుటుంబంతో సహా ఊరు వదలాలి, వారి వెయ్యిమంది రోగులు మళ్లీ ఫోన్లు పట్టుకోవాలి. ఇటువంటి షరతులను దేశమంతటా రద్దుచేస్తూ కేంద్ర వాణిజ్య సంఘం 2024లో తెచ్చిన నియమాన్ని అదే ఏడాది ఆగస్టులో టెక్సాస్‌లోని కేంద్ర న్యాయస్థానం కొట్టివేసింది. క్లినిక్కుల ఆయుష్షు కూడా భరోసా ఇచ్చేదిగా లేదు: వాల్‌మార్ట్ తన దుకాణాల పక్కన తెరిచిన 51 ఆరోగ్య కేంద్రాలనూ మూసేస్తున్నట్టు 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది.

వెతికే పద్ధతి ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది. బీమా కంపెనీ డైరెక్టరీ, అంటే తన ఒప్పందంలో ఉన్న వైద్యుల పట్టిక, అందరూ మొదట చూసేది. అందులో ఊరు వదిలినవారు, ఖాళీ లేనివారు, ప్రైమరీ కేర్ మానేసి గుండె నిపుణుల క్లినిక్కులో చేరినవారు అలాగే ఉండిపోవడం పాత జబ్బు. ఫ్యామిలీ శాఖలో పరీక్ష పాసైనవారంతా ప్రైమరీ కేర్‌లో ఉన్నట్టు కాదు. 2022 జనవరి నుంచి అమలైన నో సర్‌ప్రైజెస్ చట్టం ప్రకారం బీమా కంపెనీ 90 రోజులకొకసారి ఈ పట్టికను సరిచూడాలి, పట్టికను నమ్మి వెళ్లిన రోగికి ఆ వైద్యుడు ఒప్పందంలో లేడని తర్వాత తేలినా లోపలివారికి వేసే వాటా మాత్రమే వేయాలి. కాబట్టి పట్టికలో చూసిన పుటను తేదీతో దాచుకోవడం తెలివైన పని. లైసెన్సు సక్రమంగా ఉందో లేదో, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయో రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఉచితంగా చూపిస్తుంది.

బీమా లేనివారికి, చాలని బీమా ఉన్నవారికి మొదటి తలుపు సామాజిక ఆరోగ్య కేంద్రం. కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే ఈ సంస్థలు దేశంలో దాదాపు 1,400 ఉన్నాయి, ఏటా మూడు కోట్లమందికి పైగా చూస్తాయి, రుసుము చెల్లించలేరన్న కారణంతో ఎవరినీ తిప్పి పంపరాదు, ఆదాయం పేదరిక రేఖకు రెండింతల లోపు ఉంటే రుసుము తగ్గించాలి. వీటిలో నర్స్ ప్రాక్టీషనర్లు పెద్ద సంఖ్యలో పనిచేస్తారు, పక్కనే డాక్టరు, దంత వైద్యుడు, మనోవ్యాధుల సలహాదారు కూడా తరచుగా ఉంటారు. పేదల క్లినిక్కు అన్న మాట విని ఉద్యోగస్థులు వీటి వైపు చూడకపోవడం పొరపాటు. చిక్కుపడిన జబ్బులున్న మనిషికి చిన్న నగరంలో ఇంతకంటే నిండైన ఏర్పాటు దొరకడం కష్టం. రూరల్ హెల్త్ క్లినిక్కులకు రుసుము తగ్గించాలన్న నిబంధన లేదు గాని, వాటిలో నర్స్ ప్రాక్టీషనర్ గాని అటువంటి మరొకరు గాని తప్పనిసరి గనుక వెతికేవారి జాబితాలో అవి రెండో స్థానంలో ఉండదగినవి.

తెలుగు కుటుంబాలకు ఈ అన్వేషణలో ప్రత్యేకమైన చిక్కు తల్లిదండ్రుల విషయంలో వస్తుంది. గ్రీన్‌కార్డు మీద వచ్చిన 65 ఏళ్లు దాటిన తల్లిదండ్రులు వరుసగా అయిదేళ్లు నివసించాకే, ప్రీమియం చెల్లించి, మెడికేర్‌లో చేరగలరు. సందర్శకుల వీసా మీద వచ్చినవారి ప్రయాణ బీమా సాధారణంగా ముందునుంచీ ఉన్న షుగరు, బీపీలను పట్టించుకోదు. ఆ నెలల్లో వారికి కావలసింది అత్యవసర విభాగం కంటే ముందు ఒక ప్రైమరీ కేర్ మనిషి. ఇండియా నుంచి తెచ్చిన మాత్రల వ్యాపారనామాలు అక్కడ ఎవరికీ తెలియవు గనుక ప్రతి మందుకూ రసాయన నామం రాసి తీసుకెళ్లాలి: గ్లైకోమెట్ అని కాకుండా మెట్‌ఫార్మిన్ అని, డోలో అంటే పారాసెటమాల్ గనుక అక్కడి పేరు అసెటమినోఫెన్ అని. కేంద్ర నిధులు పొందే వైద్య సంస్థలు ఇంగ్లీషు రానివారికి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలని చట్టం చెబుతోంది. తెలుగుకు ఫోను మీద దుబాసీని కోరవచ్చు, మనవణ్ణి కూర్చోబెట్టి అమ్మమ్మ గర్భాశయపు బాధను అనువదించమనడం ఎవరికీ క్షేమం కాదు. ఇంకో సంగతి: బరువును ఎత్తుతో పోల్చి చూపే సూచిక 25 దాటితే షుగరు పరీక్ష చేయాలన్నది అక్కడి సాధారణ నియమం, కాని ఆసియా మూలాలవారికి 23 దగ్గరే చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతోంది. తెల్లవారే ఎక్కువగా ఉన్న ఊళ్లో ఈ తేడా తెలిసిన, తెలియకపోయినా చెబితే వెంటనే సరిచూసుకునే నర్స్ ప్రాక్టీషనర్ దొరికితే ఆ ఇంటికి మేలు.

తెలుగు రాష్ట్రాల్లో ఇదే ప్రశ్న తిరగబడిన రూపంలో ఉంది. 2018లో భారత కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఆరోగ్య, స్వస్థత కేంద్రాల్లో, ఎక్కువగా బీఎస్సీ నర్సింగ్ చదివి సామాజిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందిని మైదాన ప్రాంతంలో దాదాపు 5,000 మందికి ఒకరి చొప్పున నియమించారు. ఆంధ్రప్రదేశ్ గ్రామ ఆరోగ్య క్లినిక్కుల్లో పనిచేసేది వీరే. తెలంగాణ 2017 నుంచి నర్సులకు ప్రసూతి వైద్యంలో ప్రత్యేక శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టి, తర్వాత దేశం అందిపుచ్చుకున్న దారి వేసింది. ఇక్కడ రోగి వెతకనక్కరలేదు, ఊరే నర్సుకు అప్పగించి ఉంటుంది. అమెరికా చిన్న నగరం ఈ పద్ధతినుంచి నేర్చుకోవలసింది ఉంది. కాని ఇక్కడి నియామకాలు కూడా ఎక్కువగా కాంట్రాక్టు మీదనే ఉండడంతో, వెతుకులాట లేని చోట సైతం నిలకడ ప్రశ్న మిగిలే ఉంది.

అందువల్ల చిన్న నగరంలో నర్స్ ప్రాక్టీషనర్ కోసం వెతికేవారు మొదటి ఫోనులోనే నాలుగు సంగతులు అడగాలి: ఈ క్లినిక్కులో ఎన్నేళ్లుగా ఉన్నారు, అంతకుముందు నర్సుగా ఎక్కడ ఎంతకాలం పనిచేశారు, చిక్కు వచ్చినప్పుడు సలహా అడిగే డాక్టరు ఎవరు, మళ్లీ వచ్చినప్పుడు చూసేది వీరేనా, ఎవరు ఖాళీగా ఉంటే వారా. ఇలా అడగడం మర్యాద తప్పడం కాదు. మంచి క్లినిక్కువారు సంతోషంగా చెబుతారు. వీటికి జవాబు ఏ బీమా డైరెక్టరీలోనూ అచ్చువేయడం లేదు.